పిల్లి నా సంచిలోనే ఉంది

కొత్తకోటలో మేం కిరాయికి ఉన్న ఇంటి వెనక వడ్ల మిల్లు ఉండేది. మిల్లు ఉన్నచోట ఎలుకలు ఉంటాయి. మా బియ్యం సంచులకు చిల్లులు పడ్డాయి, నా చీరల పెట్టె మూల కొరికేశాయి. నేను పాఠాలు చెప్పే బడిలో పనిచేసే ఆయమ్మ వాళ్ళింట్లో పిల్లి ఈనిందని తెలిసి, ఒక పిల్లను అడిగి తెచ్చుకున్నాను. బూడిదరంగుది, పిడికెడంత ఉంది. మామయ్య పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటున్న అత్తమ్మ అప్పుడు గడపలో కూర్చొని కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది. దాన్ని చూసి చాట పక్కన పెట్టింది.

"ఎలుకలను ఎప్పుడు పడ్తదో ఏమో గని, దీని కంపు ఎవరు భరిస్తరు బిడ్డా?" అన్నది.

ఆమె అన్నది తెల్లారేసరికి నిజమైంది. ముందురోజు మూతి కట్టడం మరిచిన బియ్యం సంచిలో చెయ్యి పెట్టాను. గింజలు ఉండలుగా వేళ్ళకు అంటుకున్నాయి. వాసన తగిలాక గానీ అర్థం కాలేదు. పైగా అది చక్కగా గోకి, బియ్యంతోనే కప్పి పెట్టింది. చెయ్యి గాల్లోనే పట్టుకొని అలాగే నిలబడిపోయాను. ఇంత చిన్న ప్రాణి ఇంత పని చేస్తుందని ఎవరు అనుకుంటారు? ఆ సాయంత్రం మా ఆయన కుర్చీ మీద మడత పెట్టిన ఖాకీ చొక్కా తొడుక్కొని, గుండీలు పెట్టుకుంటూ మధ్యలో ఆగిపోయాడు. కరెంటు స్తంభాలెక్కే మనిషి, దేనికీ జంకడు. ఆ తడి చొక్కా విప్పి రెండు వేళ్ళతో పట్టుకొని నా వైపు చూశాడు.

ఆ వారమంతా ఇంట్లో అడుగు తీసి అడుగు వెయ్యాలంటే భయంగా ఉండేది. చెప్పుల్లో, పుస్తకాల సంచి వెనక, ఒకసారి రొట్టెల పీట పక్కనే. చివరికి ఆయమ్మే దారి చెప్పింది. పాత ప్లాస్టిక్ టబ్బులో ఇసుక పోసి ఒక మూలకు పెట్టమంది. తిన్న వెంటనే, నిద్ర లేచిన వెంటనే ఎత్తుకెళ్ళి అందులో నిలబెట్టాలి. అది తప్పు జాగాలో పోస్తే, ఆ తుడిచిన గుడ్డను ఇసుకలో పూడ్చాలి. "దాని వాసన దానికి తెలుస్తది మేడం, కొట్టకండ్రి, కొడితే దాక్కొని పోస్తది," అంది. ఎదురింటి వాళ్ళు గోడలు కడుతున్నారు, ఇసుక అక్కడే దొరికింది. మొదట్లో అది టబ్బులో పడుకొని ఆడుకునేది. నేను దాని ముందుకాలు పట్టుకొని ఇసుక గోకించేదాన్ని. ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి టబ్బులో చిన్న గుంత, దాని మీద చిన్న కుప్ప కనిపించాయి. ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

ఇక బాధ తీరిందనుకున్న రోజుల్లోనే అత్తమ్మ మంచం తడవడం మొదలైంది.

పొద్దున్నే చూస్తే ఆమె బొంత ప్రహరీ గోడ మీద ఆరేసి ఉంది. "నీ పిల్లి నా పక్కల పోసింది," అంది. నేను నమ్మలేకపోయాను. టబ్బు చూస్తే అందులోనూ తడి ఉంది. రెండు రోజులకు మళ్ళీ, తర్వాత ఇంకోసారి. నిమ్మకాయ నీళ్ళతో తుడిచాను, మంచం దగ్గర ఇంకో టబ్బు పెట్టాను. దేనివల్లా లాభం లేకపోయింది. మా ఆయనకు విసుగొచ్చింది.

"ఇగ చాలు. అంగడి దినం నాడు చాపల దుకాణాల కాడ ఇడిచిపెట్టి వస్త. దాని తిండి అది తింటది," అన్నాడు.

అప్పుడు అత్తమ్మ అన్న మాటకు ఇద్దరం ఆశ్చర్యపోయాం. పిల్లి గడప తొక్కిన రోజే వద్దన్న మనిషి, "నోరులేనిది, దాన్నెందుకు పంపుతవురా? ఉండనియ్యి. నా బొంతలు నేను ఉతుక్కుంట," అంది. అంతేకాదు, ఆ రోజు నుంచి దాన్ని తన గదిలోనే పడుకోబెట్టుకుంది. ముసలితనంలో మనసు మెత్తబడిందని నేను లోలోపల మురిసిపోయాను.

పిల్లికి ఏదైనా రోగమేమోనని ఒక పూట సెలవు పెట్టి పశువుల దవాఖానకు బయలుదేరాను. వెళ్ళే ముందు అత్తమ్మ మంచం మీద ఉతికిన దుప్పటి నేనే పరిచాను. పిల్లిని కూరగాయల సంచిలో పెట్టుకొని ఆటో ఎక్కాను. డాక్టరు దాని పొట్ట నొక్కి చూశాడు, పళ్ళు చూశాడు.

"దీనికేం రోగం లేదమ్మా. మంచం మీద పోస్తుంటే మీరు చూసిన్రా?"

"లేదు సార్. మా అత్తమ్మ చూసింది."

"ఒకసారి మీరు గూడ చూడుండ్రి," అని ఇంకో పశువు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ నల్లా దగ్గర కూర్చొని పొద్దున నేను పరిచిన దుప్పటినే ఉతుకుతోంది. తలెత్తకుండానే అంది. "మళ్ల పోసింది బిడ్డా గీ పిల్లి. నువ్వు అటు పోంగనే మంచమెక్కి పోసింది."

నా భుజానికి వేలాడుతున్న సంచిలో పిల్లి మ్యావుమంది.

ఆమె సంచి వైపు చూసింది. నేనూ సంచి వైపే చూశాను. ఆమె ముఖం వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. గోడ మీద ఆరిన బొంతలన్నీ కళ్ళముందు తిరిగాయి. పొద్దుగూకాక ఆమె మంచినీళ్ళు ముట్టకపోవడం, చుట్టాల పెళ్ళిళ్ళకు రానని మొండికెయ్యడం, అన్నీ నా కళ్ళ ఎదుటే జరిగాయి. నాకేదీ తట్టలేదు. నల్లా నుంచి నీళ్ళు పడుతూనే ఉన్నాయి. సంచి కింద పెట్టి, దుప్పటి రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం చెరోవైపు తిప్పి పిండాం.

ఆరేశాక మెల్లగా అంది. "వానికి చెప్పకు."

మర్నాడు మేమిద్దరమే వనపర్తి దవాఖానకు బస్సులో వెళ్ళాం. డాక్టరమ్మ పరీక్షలు రాసింది. షుగరు ఎక్కువుంది, మూత్రానికి ఇన్ఫెక్షన్ కూడా ఉంది. "మందులతోని చాలా వరకు తగ్గుతది. ఇంత దాక ఎందుకు రాలేదవ్వా?" అని అడిగింది. అత్తమ్మ నేల చూపులు చూసింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని, నేను అడక్కుండానే చెప్పింది.

"మా అత్తకు గూడ గిట్లనే అయింది. ఇల్లంత కంపు గొడ్తాందని మీ మామ, ఆయన తమ్ముడు గలిసి మంచం తీస్కపోయి పశువుల కొట్టంల ఏసిండ్రు. రెండు వానకాలాలు ఆన్నే పడుకున్నది. నేను గడప కాడ నిలబడి అన్నం గిన్నె లోపలికి జరిపేదాన్ని. లోపలికి పోకపోతుంటి."

మామయ్య చీమకు కూడా హాని తలపెట్టని మనిషని నేను ఎందరికో చెప్పాను. ఆ కొట్టం నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో అందులో నిలబడి దూడను ముద్దు చేశాను.

"మన ఇంట్లో కొట్టం లేదు అత్తమ్మా," అన్నాను. అంతకన్నా మంచి మాట ఆ సమయానికి తోచలేదు. ఆమె నా ముఖం చూసి, ఎందుకో నవ్వింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మా ఆయనకు చెప్పడానికి తనే ఒప్పుకుంది. ఆయన అంతా విన్నాడు. లేచి బజారుకు వెళ్ళి, మంచం మీద పరిచే రబ్బరు షీటు తెచ్చి తనే పరిచాడు. మందులు పనిచేశాయి. నెల తిరిగేసరికి తడవడం బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. పిల్లి పెరిగి, గోడ దూకి మిల్లు ఊక కుప్పల మీదికి పోవడం నేర్చింది. మెల్లగా టబ్బు అవసరం తీరిపోయింది.

ఆ ఎండాకాలం పక్కింటావిడ మామిడికాయ ముక్కలు కొట్టడానికి కత్తిపీట అడిగి తీసుకుపోదామని వచ్చింది. దండెం మీద రబ్బరు షీటు చూసి, "ఇంకా పోస్తాందా మీ పిల్లి?" అని అడిగింది. నేను గబగబా షీటు తియ్యబోయాను.

"పిల్లి గాదు, నేనే," అంది అత్తమ్మ, చిక్కుడుకాయ ఈనె తీస్తూ.

నేను ఉలిక్కిపడి ఆమె వైపు చూశాను. ఆమె తలెత్తలేదు, చెయ్యి ఆపలేదు. పక్కింటావిడ మెల్లగా గడప మీద కూర్చుంది.

"మా అమ్మకు గూడ గంతే పెద్దమ్మా. ఏ డాక్టరు కాడికి పోయిండ్రు?"

అత్తమ్మ చిక్కుళ్ళ గిన్నె పక్కకు జరిపి, ఏ బస్సెక్కాలో, ఎక్కడ చీటీ రాయించుకోవాలో, ఏ గది ముందు కూర్చోవాలో ఆమెకు వివరంగా చెప్పడం మొదలుపెట్టింది.