అక్క గొంతుతో వెళ్లిన ఫోన్లు

దెయ్యాలు, గాలి సోకడాలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ప్రోగ్రాములు రాసి బతుకుతున్నాను. ఏదైనా తేడా వస్తే కారణం ఎక్కడో ఒక లైనులో ఉంటుందనే నా నమ్మకం. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మాది చింతాద్రిపేటలో ఉమ్మడి కుటుంబం. పోయిన ఏడాది మా పాపకు చెవులు కుట్టించాలనుకున్నాం. అరవై రెండిళ్లకు పిలుపు. అందరికీ ఫోన్లు వాటంతటవే వెళ్లేలా క్లౌడ్‌లో చిన్న ప్రోగ్రాం చేశాను. నంబర్ల పట్టిక, ఇరవై సెకన్ల రికార్డింగు, అంతే. ఎత్తగానే అది వినిపిస్తుంది, అయిపోగానే కాల్ కట్టయిపోతుంది. అవతలివాళ్ల మాట వినే ఏర్పాటే అందులో లేదు.

గొంతు మాత్రం మా తోటికోడలిది కావాలంది అత్తమ్మ. తోటికోడలిని నేను అక్కా అంటాను.

"పెద్దదాని గొంతులో కళ ఉండాది. నువ్వు పిలిస్తే ఆఫీసులో మాట్లాడినట్టు ఉంటాదమ్మా," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. బిడ్డ నాది, చాకిరీ నాది, పేరు ఆవిడకా! ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. ఆవిడ పెడితే చారు, నేను పెడితే నీళ్లు.

అసలు బాధ వేరే ఉంది. ఈ ఊళ్లోనే పెరంబూరులో ఉన్న మా అమ్మ మూడేళ్లుగా మా గడప తొక్కలేదు. అత్తమ్మతో మాటా మాటా పెరిగిన రోజున నేను నోరు మెదపలేదని నా మీదే కోపం. నా నంబరు చూస్తే ఎత్తదు. ప్రోగ్రాం నుంచి వెళ్లేది కొత్త నంబరు కాబట్టి ఎత్తుతుంది. అప్పుడు కూడా అమ్మ చెవిన పడేది అక్క గొంతేనా?

ఫోన్లు వెళ్లే ముందురోజు ఎవరికీ చెప్పకుండా అక్క రికార్డింగు తీసేసి నాది పెట్టాను. నా ఫోనుకే ఒక కాల్ చేసి చూసుకున్నాను. నా గొంతే వచ్చింది.

మర్నాడు పొద్దున పదింటికి ఫోన్లు వెళ్లాయి. అంతసేపూ అక్క నా ఎదురుగానే కూర్చుని తాంబూలాలకు వక్కల పొట్లాలు కడుతోంది. ఆవిడ ఫోను పక్కగదిలో ఛార్జింగులో ఉంది.

వేడుక నాడు వచ్చినవాళ్లందరూ అక్కనే మెచ్చుకున్నారు. ఫోనులో ఒక్కొక్కరినీ పేరుపేరునా పిలిచిందట. ఒక ముసలావిడను మోకాలినొప్పి ఎట్లా ఉందని కూడా అడిగిందట.

"నేనెవురితో మాట్లాడినానే? నువ్వు పెట్టిందే గదా పొయ్యింది," అని అక్క నన్నే అడిగింది.

అంతలో అమ్మ వచ్చింది. నన్ను దాటుకుని వెళ్లి అక్క చేతులు పట్టుకుంది.

"అంతగా పిలిస్తే రాకుండా ఎట్లుంటానమ్మా? నా కూతురు ఏడస్తా ఉండాదని నువ్వు చెప్తేనే గదా తెలిసింది."

నేను ఏడ్చేది స్నానాలగదిలో, కుళాయి తిప్పుకుని. అది అక్కకు తెలిసే వీల్లేదు.

అందరూ వెళ్లాక కాల్స్ వివరాలు తెరిచాను. ఇరవై సెకన్లు ఉండాల్సినవి చాలావరకు రెండు మూడు నిమిషాలున్నాయి. అమ్మది నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. రికార్డింగు విన్నాను, నాదే. ప్రోగ్రాం లైను లైనూ చదివాను. తప్పు ఆ రోజు దొరకలేదు, ఈ రోజుకీ దొరకలేదు.

అమ్మ ఇప్పుడు వారం వారం వస్తోంది. రాగానే ముందు అక్కను వెతుక్కుంటుంది. ఆ నాలుగు నిమిషాలూ మాట్లాడింది ఎవరో నాకు తెలియదు. నా గొంతే వినిపించి ఉంటే అమ్మ వచ్చేదా అన్నది ఇక ఎప్పటికీ తెలియదు. అది తలుచుకుంటే, దేవుడి మీద ఒట్టు, అక్క మీద నాకు ఇప్పటికీ కుళ్లే.