క్లాసులో అందని మాటలు

మా అమ్మాయికి రెండేళ్లప్పుడు మెదడువాపు జ్వరం వచ్చి వినికిడి చాలావరకు పోయింది. అప్పటికి మేం షికాగో దగ్గర ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. లైబ్రరీలో సాయంత్రాలు సైగల భాష నేర్పుతుంటే, దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని నేనూ నేర్చుకున్నాను. ఇంగ్లీషుకి నోరు తిరగకముందే సైగలకి నా చేతులు తిరిగాయి.

ఎనభైల మొదట్లో అది మూడో తరగతిలోకి వచ్చింది. మామూలు పిల్లలతోనే చదివేది. చెవులకు మిషన్లు పెట్టి ముందు వరసలో కూర్చోబెడితే, టీచర్ పెదాలు చూసి అర్థం చేసుకుంటుందన్నారు స్కూలువాళ్లు. మార్కులు బాగానే వచ్చేవి. కానీ ఇంటికి చేరేసరికి పిల్ల తోటకూర కాడలా వేలాడిపోయేది.

ఒకరోజు అనుమతి అడిగి క్లాసులో వెనకాల కూర్చున్నాను. టీచర్ మంచావిడే. అయితే బోర్డు వైపు తిరిగి రాస్తూనే మాట్లాడేది. మధ్యలో ఏదో తమాషాగా అంటే పిల్లలంతా నవ్వారు. మా అమ్మాయి అటూ ఇటూ మొహాలు చూసి, అందరి తర్వాత నవ్వింది.

ఇలాంటి పిల్లల చదువు గురించి ఏడాదికోసారి తల్లిదండ్రులతో మీటింగ్ పెట్టేవారు. క్లాసులో మాటలన్నీ సైగల్లో చెప్పే మనిషిని పెట్టమని అడుగుదామన్నాను. మావారు ఒప్పుకోలేదు.

"వాళ్లు బానే చూస్తున్నారు కదా. కంప్లైంట్ చేస్తే పిల్లని ఎక్కడో దూరంగా స్పెషల్ స్కూల్‌కి పంపేస్తారు. ఊరుకో."

ఆ భయం నాకూ లేకపోలేదు.

మీటింగ్‌లో ప్రిన్సిపాల్ మార్కులు చూపించాడు. "పాసవుతోంది, ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది. ఇంకేం కావాలి?"

నాకొచ్చిన ఇంగ్లీషులోనే చెప్పాను. "ఆ మార్కులు ఇంట్లో వచ్చినవి. మీ పాఠాలన్నీ రోజూ నేను మళ్లీ చేతులతో చెప్తాను. నవ్వంటారా, అందరూ నవ్వితే తనూ నవ్వుతుంది. ఎందుకో దానికి తెలీదు."

టీచర్ తల దించుకుంది. ప్రిన్సిపాల్ మాత్రం ఆ ఏడాది ఏర్పాట్లు రాసిన కాగితాలు మావారి ముందుకు జరిపి, సంతకం పెట్టాల్సిన చోటు చూపించాడు. ఆయన పెన్ను తీశారు. కాగితం చివరిదాకా చదివి, పెన్నుకి మూత పెట్టేశారు.

"నా భార్య అడిగింది ఇందులో లేదు. ఐ కెనాట్ సైన్," అన్నారు.

ఆ తర్వాత ఎన్నోసార్లు తిరిగాం. చివరికి వేసవి సెలవుల తర్వాత, పొద్దున పూటకి మాత్రం సైగల్లో చెప్పడానికి ఒకావిడను పెట్టారు. మొదటిరోజు పిల్ల గంతులేస్తూ వస్తుందనుకున్నాను. బ్యాగ్ కింద పడేసి, వంటింట్లో నా ఎదురుగా నిలబడింది. గబగబా సైగలతో చెప్పింది. వెనక కూర్చునే పిల్ల, దీని మాట పిల్లి అరుపులా ఉంటుందని అందట. దీని స్నేహితురాలు కూడా నవ్విందట. కొత్తగా వచ్చినావిడ టీచర్ మాటలతో పాటు ఆ మాటలు కూడా దీనికి సైగల్లో చెప్పేసింది.

దగ్గరికి తీసుకోబోతే రాలేదు. స్టవ్ ఆపేసి, "ఆవిడని రావద్దని చెప్పనా?" అని అడిగాను.

గట్టిగా తల అడ్డంగా ఊపింది. "మరి మధ్యాహ్నం వాళ్లేమంటున్నారో నాకెవరు చెప్తారు? సాయంత్రం దాకా ఉండమను."

ఆ మరుసటి వారమే మావారు ఆఫీసుకి సెలవు పెట్టి నాతో మళ్లీ స్కూలుకి వచ్చారు. రోజంతా ఉండే మనిషిని సాధించడానికి ఇంకో ఏడాది పట్టింది.