వచ్చినవా, కూసో

మేము ఆ పోస్టుకు చేరింది డిసెంబరులో. నియంత్రణ రేఖ దగ్గర ఒక పర్వతం వీపు. లారీ మమ్మల్ని రోడ్డు చివర దింపి వెళ్ళిపోయింది. అక్కణ్ణుంచి నడకే. వీపుల మీద రేషన్, కిరోసిన్ డబ్బాలు, బ్యాటరీలు. నా భుజాన రేడియో సెట్టు. నేను సిగ్నల్ హవల్దార్‌ని. మాది శ్రీకాకుళం జిల్లా.

పైకెక్కేసరికి పోస్టు కనిపించలేదు. అంతా మంచు తెర. ముందు దగ్గు వినిపించింది, తర్వాత గొంతు, ఆ తర్వాతే మనిషి. ఆయన మా సుబేదార్, గఢ్వాల్ కొండల మనిషి. మాకు చెప్పిన మొదటి మాట ఒకటే. ఇక్కడ కళ్ళను నమ్మొద్దు, చెవులను నమ్మండి, అవి కూడా సగమే నిజం చెబుతాయి.

రెండు రోజుల్లో ఆ మాట అర్థమైంది. ఆ మంచులో పక్కనున్న మనిషి పిలుపు ఎక్కడో లోయలోంచి వచ్చినట్టుండేది. లోయ అవతల శత్రువు పోస్టులో గిన్నె కింద పడితే మన చెవి పక్కనే పడినట్టుండేది. బంకర్ నుంచి ముందు మోర్చా వరకు కర్రలు పాతి తాడు కట్టారు. మోర్చా అంటే రాళ్ళు పేర్చిన కాపలా చోటు. అక్కడ వంతులవారీగా ఇద్దరు జవాన్లు ఉండేవాళ్ళు. మంచు దిగితే ఆ తాడు పట్టుకునే వెళ్ళాలి, ఆ తాడు పట్టుకునే రావాలి. తాడు వదిలిన మనిషి లోయలోకి పోయినట్టే.

శ్రీకాంత్ నన్ను కనిపెట్టింది కూడా చెవితోనే. నేను సెట్టు బిగించుకుంటూ తెలుగులో విసుక్కున్నాను. బంకర్ మూల నుంచి ఒక కుర్రవాడి గొంతు, "మీరు తెలుగోళ్ళా సార్?" అంది. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. అమీర్‌పేట వాడు. ఆ పోస్టులో తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే.

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోచింగులున్న ఒక సందులో వాళ్ళమ్మకు కర్రీ పాయింట్ ఉందట. తండ్రి చిన్నప్పుడే పోయాడు. షాపు పైన, నాలుగో అంతస్తులో ఒక గది, వెనక హాస్టళ్ళు. ఊళ్ళ నుంచి పిల్లలందరూ ఉద్యోగాల కోసం ఆ సందుకు వస్తే వీడు ఆ సందులోనే పుట్టి, ఆర్మీకి వచ్చాడు. జావా కోర్సు సగంలో వదిలేశాడు. "సగం నేర్సుకున్న సార్. గీ తుపాకి మాత్రం పూర్తిగ నేర్సుకున్న," అనేవాడు. అందరితోనూ హిందీ, నాతో తెలుగు. నన్ను మీరు అనే అనేవాడు. నువ్వు అనమని చెప్పినా అలవాటు పోలేదు. కిరోసిన్ పొయ్యి దగ్గర బూట్లు ఆరబెట్టుకుంటూ ఆ సందు గురించి చెప్పేవాడు. ఏ పొద్దుకు ఏ కూర వాసన వస్తుందో, మెట్రో రైలు పోతే గదిలో ఏ గిన్నె అదురుతుందో. కళ్ళు మూసుకుని నడిచినా తప్పిపోనంతగా ఆ చోటు నాకు తెలిసిపోయింది.

అది ఫిబ్రవరి. పొద్దుటి నుంచి మంచు పడుతోంది. గాలి లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ముందు మోర్చా వైపు కాల్పులు మొదలయ్యాయి. అక్కడ శ్రీకాంత్, అతనితో ఒక లాన్స్ నాయక్ ఉన్నారు. సెట్టులో శ్రీకాంత్ గొంతు వచ్చింది. కింద వాగులోంచి మనుషులు ఎక్కుతున్నారని, లాన్స్ నాయక్ తొడకు తగిలిందని చెప్పాడు. కట్టు కట్టి తాడు వెంట కిందికి పంపిస్తున్నానన్నాడు. సుబేదార్ సెట్టు అందుకుని నువ్వూ దిగు అన్నాడు. నేను దిగితే ఆయన దారిలోనే పోతాడు సాబ్, అన్నాడు శ్రీకాంత్. అంతే. మళ్ళీ తుపాకి మోత.

లాన్స్ నాయక్ సగం జారుతూ, సగం పాకుతూ బంకర్‌లోకి వచ్చి పడ్డాడు. బతికాడు. ఇప్పటికీ బతికే ఉన్నాడు.

కాసేపటికి వాగు వైపు కాల్పులు ఆగాయి. వాళ్ళను ఆపేశాను సాబ్, అని సెట్టులో వినిపించింది. ఆ వెంటనే ఎక్కడో దూరం నుంచి ఒకే ఒక్క దెబ్బ.

తర్వాత సెట్టు మూగబోవాలి. మూగబోలేదు. మాట్లాడాలంటే మా సెట్టుకు పక్కనున్న మీట నొక్కి పట్టుకోవాలి. వదిలితేనే అవతలి మాట వినిపిస్తుంది. శ్రీకాంత్ వేలు ఆ మీట మీదే ఉండిపోయింది. నేను పిలిచినా అతనికి వినిపించదు. అతని దగ్గరి ప్రతి చప్పుడూ మాకు వినిపిస్తుంది. ముందు ఊపిరి వినిపించింది. తడి ఊపిరి. తర్వాత మంచు తొక్కుతున్న చప్పుడు. కరకర, కరకర, నెమ్మదిగా. ఎవరో నడిచి వస్తున్నారు. సుబేదార్ మమ్మల్ని చప్పుడు చెయ్యొద్దని సైగ చేశాడు, మా చప్పుడు అక్కడికి వినిపించదని తెలిసి కూడా. అడుగులు ఆగాయి. బట్ట రాపిడి. ఆ తర్వాత శ్రీకాంత్ గొంతు. నొప్పి లేదు అందులో. తలుపు తీసిన మనిషి గొంతులా ఉంది.

"వచ్చినవా?"

కొంచెం ఆగి, "కూసో."

సుబేదార్ నావైపు తిరిగి, "క్యా బోలా?" అన్నాడు. హిందీలో చెప్పాను. ఆయన బంకర్‌లో ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినీ చూశాడు. మా వాళ్ళందరం అక్కడే ఉన్నాం. ఎవ్వరం బయల్దేరలేదు. శత్రువే అతని దగ్గరికి చేరాడనుకున్నాం.

సుబేదార్ నలుగురిని ఎంచి నన్ను కూడా రమ్మన్నాడు. ఈ మంచులో శత్రువులమనుకుని శ్రీకాంత్ మనల్ని కాలుస్తాడు, తెలుగులో పిలుస్తూ ఎక్కు, అన్నాడు. చేతి సెట్టు ఛాతీకి తగిలించుకుని తాడు పట్టుకున్నాను. ముందు మనిషి వీపు కూడా కనిపించడం లేదు. "శ్రీకాంత్, మేమే. వస్తున్నాం," అని పిలుస్తూ ఎక్కాను. జవాబు లేదు. సెట్టులో ఊపిరి కూడా లేదు. సగం దూరం ఎక్కాక నా ఛాతీ మీద ఎవరో సన్నగా అన్నారు, "శ్రీకాంత్, మేమే. వస్తున్నాం."

అది నా గొంతే. నా పిలుపు మంచులోంచి అతని దాకా వెళ్ళి, తెరిచి ఉన్న అతని సెట్టులోంచి నాకు తిరిగి వస్తోంది. కారణం తెలుసు. నా పనే అది. అయినా రెండు చేతులతో తాడు పట్టుకున్నాను. ఎక్కుతున్న కొద్దీ ఆ గొంతు పెద్దదైంది. అతని పక్కన కూర్చుని నేనే నన్ను పిలుస్తున్నట్టుంది.

శ్రీకాంత్ రాళ్ళకు ఆనుకుని కూర్చున్నాడు. తూటా మెడ కింద తగిలింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. సుబేదార్ మీట మీది బొటనవేలు తీశాడు. సెట్టు ఆగిపోయింది. చుట్టూ వెతికాం. మా అడుగులు తప్ప వేరే అడుగులు లేవు. "హవా థీ," అన్నాడు సుబేదార్. గాలి చప్పుడని. ఆ రోజు గాలి లేదు. మర్నాడు వాగులో ఒక శవం, ఒక తుపాకి దొరికాయి. మళ్ళీ ఎవరూ అటు ఎక్కి రాలేదు.

తెలుగువాణ్ణని శవపేటికతో నన్నే పంపారు. అమీర్‌పేటలో ఆ సందులోకి మిలిటరీ బండి పట్టలేదు. భుజాల మీద మోసుకెళ్ళాం. హాస్టళ్ళ బాల్కనీల నిండా పిల్లలు. ఎప్పుడూ గోలగా ఉంటుందని అతను చెప్పిన సందు. ఒక్క చప్పుడు లేదు. గుమ్మాల్లో ఆడవాళ్ళు ఒకరికొకరు మెల్లగా చెప్పుకుంటున్నారు, "వచ్చిండు... వచ్చిండు." పైన మెట్రో పోయింది. ఏదో గదిలో గిన్నె అదిరింది. పంజాగుట్ట చౌరస్తా దాకా ట్రాఫిక్ ఆపేశారు. ఆ చౌరస్తాలో మా బూట్ల చప్పుడు మాకే వినిపించింది. శ్మశానంలో గౌరవంగా తుపాకులు పేల్చినప్పుడు అందరూ ఉలిక్కిపడ్డారు. అతని తల్లి సుగుణమ్మ కదల్లేదు.

సాయంత్రం సెలవు తీసుకోవడానికి ఆ నాలుగో అంతస్తు గదికి వెళ్ళాను. సుగుణమ్మ చుట్టాలను బయటికి పంపి, "జర కూసోండ్రి సార్," అంది. పోయేముందు ఏమన్నా అన్నాడా అని అడిగింది. చెప్పాను. ఉన్నదున్నట్టు.

"వచ్చినవా అన్నడా, వచ్చిన్రా అన్నడా?"

"వచ్చినవా అనే అన్నాడక్కా."

"మిమ్మల్ని గాదు మరి."

"కాదు. నన్నెప్పుడూ మీరనే అనేవాడు."

"ఆడ తెలుగొచ్చెటోళ్ళు ఇంకెవరన్న ఉన్నరా?"

లేరన్నాను. ఆమె తలుపు వైపు తిరిగింది. తర్వాత నాతో కాదన్నట్టు చెప్పింది. "షాపు బంద్ జేసి మెట్లెక్కి వస్తే ఆయాసం వస్తది నాకు. తలుపు తీసి రోజు గట్లనే అంటుండె. వచ్చినవా, కూసో అని. నీళ్ళు తెచ్చిస్తుండె." చేత్తో పాదాలు తడుముకుంది. "ఆ దినం పొద్దుమీకక ముందే కండ్లు తిరిగి పడ్డ. లేపితే లేవలేదంట. కాళ్ళు మంచుగడ్డల్లెక్క ఉండెనంట." నా మొహంలోకి చూసింది. "అయితే నేను పోయిన్నా, సార్?"

నేను అక్కడ చూసిందొకటి ఉంది. సుబేదార్‌కి కూడా చెప్పలేదు. అది ఆమెకు చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "పొద్దటి నుంచి ఏం తినలే నువ్వు. తిని పో తమ్మీ," అంది.

సర్వీసు అయిపోయింది. ఇప్పుడు పంజాగుట్టలో ఒక షాపింగ్ కాంప్లెక్స్‌కి సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. యూసుఫ్‌గూడలో గది. అప్పుడప్పుడు మధ్యాహ్నం సుగుణక్క దగ్గర కూర కట్టించుకుంటాను. వంకాయ కూర కొంచెం ఎక్కువే వేస్తుంది. ఆ సంగతి మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు.

ఆమెకు చెప్పింది ఇదీ. శ్రీకాంత్ మొహం ఎడమవైపు తిరిగి ఉంది. అతని బూట్ల మీద, ఒళ్ళో, చేతుల మీద మంచు అరచేతి మందాన పేరుకుంది. రాళ్ళ మీద, తుపాకి మీద, అన్నిటి మీదా అంతే మందం. అతని ఎడమ పక్కన, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా, మంచు గుంటపడి ఉంది. ఒక మనిషి కూర్చుంటే పడేంత గుంట. పైనుంచి మంచు పడుతూనే ఉంది. ఆ గుంటలో మాత్రం కొత్త మంచు ఒక్క రేణువు లేదు. అందులో కూర్చున్నవాళ్ళు అప్పుడే లేచినట్టు.