కాకికి బయానా

మొన్న మాఘమాసంలో, కోస్గిలో సుగుణమ్మ మనుమడికి పుట్టెంటికలు తీసిన నాడు, రెండో బంతి కూర్చున్న వేళ వంటాయన జల్లిగంటెతో స్టీలు పళ్లెం మీద మూడుసార్లు కొట్టాడు. గంటెకు అంటిన నూనె దులుపుదామని కొట్టాడు, అంతకు మించి ఆయన మనసులో ఏమీ లేదు. మూడో దెబ్బ మోగిన కాసేపటికి నలభై దాకా కాకులు షామియానా కిందికి దిగి, ఎవరినీ తొక్కకుండా, ఏమీ తొందరపడకుండా, విస్తరికో గారె చొప్పున తీసుకుని వెళ్లిపోయాయి. వియ్యంకుని దగ్గర మాత్రం గారెతో పాటు విస్తరి పక్కన పెట్టుకున్న కళ్లద్దాలు కూడా పోయాయి. ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

"ఇది గోపమ్మ పనే" అన్నారు బంతిలో వాళ్లంతా. నిజమే.

గోపమ్మది పక్కిల్లు. మనిషికి ఒకే ఒక్క అలవాటు. తన చావుకు తానే ముందుగా బయానా ఇచ్చి పెట్టుకుంటుంది. లోకంలో ఎడ్లకు బయానా ఇస్తారు, ప్లాటుకు ఇస్తారు, పెండ్లి బ్యాండుకు ఇస్తారు. గోపమ్మ తన పాడె వెదుళ్లకు ఇచ్చింది. పోనీ మంచం పట్టిన మనిషా అంటే అదీ కాదు. డెబ్బై రెండేళ్లకు ఒక్క పన్ను ఊడలేదు. దవాఖానకు పోతే డాక్టరే ఆమెను ఏం తింటావని అడిగి కాగితం మీద రాసుకున్నాడు.

డప్పుల చెన్నయ్యకు బయానా ముట్టి ఐదేళ్లయింది. ఏటా ముహూర్తాలు మొదలయ్యే ముందు అతను వచ్చి అరుగు ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు.

"అవ్వా, వచ్చేవారం పరిగిల పెండ్లున్నది. ఒప్పుకోవాల్నా, వద్దా?"

"నన్నెందుకు అడుగుతవురా?"

"నీ బయానా ముందుగాల ముట్టింది గద. నువ్వు గా వారంలనే ఏమన్న అనుకుంటె..."

గోపమ్మ వేళ్లు మడిచి ఆలోచించింది. "గా వారం కందులు కొట్టుడున్నది. నాకు తీరదు. ఒప్పుకో."

టెంటు సామాన్ల రాజేశ్‌ది ఇంకో బాధ. బయానా ఇచ్చింది కాబట్టి షామియానా ఒకసారి వేసి చూపించమంది. వాకిట్లో వేయించి, దాని కింద మంచం వేసుకుని, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పడుకుని లేచింది.

"నీడ పల్చగున్నది బిడ్డా."

"ఏడ్వొచ్చినోళ్లు నీడ చూస్తరా అవ్వా?"

"నీడుంటె ఇంకో గడియ ఏడుస్తరు."

వీళ్లందరికీ చాయ్ పోసేది కోడలు నవనీత. బయానా తీసుకున్న ప్రతి మనిషీ బజార్లో ఎదురైతే "మీ అత్త ఎట్లున్నది?" అని అడుగుతాడు. "మంచిగున్నది" అని చెప్తే మొహం జర చిన్నబుచ్చుకుంటాడు. భర్త సతీశ్ ఈ గొడవ నుంచి పొద్దున్నే బోరు మోటర్ల దుకాణంలోకి పారిపోతాడు. నవనీతకు పారిపోవడానికి దుకాణం లేదు.

అందరూ బయానా పుచ్చుకున్నారు. పుచ్చుకోనిది కాకి ఒక్కటే. దాని కథ వేరు.

కొత్త రాష్ట్రం వచ్చిన నాలుగో ఏడు గోపమ్మ పెనిమిటి మారయ్య పోయాడు. మూడోనాడు పటాకులు కాల్చుకుంటూ చెలకకు పోయి పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి పక్కకు జరిగితే కాకి వచ్చి ముట్టాలి. ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే కోరిక ఏదో మిగిలినట్టు. ఆనాడు పొద్దు నడినెత్తికొచ్చినా ఒక్క కాకి రాలేదు. మాంసం పెట్టారు, కల్లు పోశారు. చెలకలో ఇంకో బోరు వేయిస్తానని సతీశ్ ఆకాశానికి చెప్పాడు. రాలేదు. ఎండకు తాళలేక జనం గుసగుసలు మొదలుపెట్టారు. సుగుణమ్మ మాత్రం గుసగుసలాడే మనిషి కాదు.

"కోడలు కడుపునిండ పెట్టిందో లేదో" అంది, అందరికీ వినపడేటట్టు.

మంచాన పడ్డ మామకు ఆర్నెల్లు చెంచాతో జావ తాగించింది నవనీత. ఆ మాట విని ఆమె అత్త వైపు చూసింది. అత్త ఒక్క మాట అంటే చాలు. గోపమ్మ ఆకాశం వైపే చూస్తూ నిలబడింది, ఏమీ అనలేదు. ఆ ఒక్క మాట కోసం నవనీత ఆరేళ్లుగా చెవి అటే పెట్టుకుని ఉంది. వెదుళ్ల ముచ్చట వినిపించింది, డప్పుల ముచ్చట వినిపించింది. ఆ మాట రాలేదు. అత్త కూడా అట్లనే అనుకున్నదేమో అన్న అనుమానం మటుకు రోజూ వచ్చేది.

ఏడాది తిరగ్గానే గోపమ్మ మిద్దె మీద కాకులకు పెట్టడం మొదలుపెట్టింది. పొద్దున్నే గంటెతో పళ్లెం మీద మూడు దెబ్బలు. మొదట వచ్చింది ఒక కుంటి కాకి. అది పోయి చుట్టాలకు చెప్పింది. బట్టలు ఆరేయడానికి మెట్లెక్కే నవనీతకు పైనుంచి మాటలు వినిపించేవి.

"ఏందయ్యా, ఇయ్యాల జొన్నరొట్టె, పుంటికూర. ఇదేనా గా దినం నువ్వడిగింది? కాదా. మరేందో చెప్పవైతివి. యాభై ఏండ్లు కలిసుంటిమి. ఉప్పు తక్కువైతె పళ్లెం జరిపేటోనివి గని, లేచిపొయ్యేటోనివి కావు. గా దినం ఏం తక్కువైందని రాకపోతివి?"

కుంటి కాకి తినేది, మూతి పిట్టగోడకు రాసుకునేది, ఎగిరిపోయేది. అది పోయాక కూడా గోపమ్మ అది కూర్చున్న జాగానే చూస్తూ చాలాసేపు కూర్చునేది. ఎక్కే మెట్టు మీదే బట్టల బకెట్టుతో నవనీత కూడా నిలబడిపోయేది.

ఒకనాడు పళ్లెంలో బీడీ పెట్టింది. కాకి రొట్టె వదిలేసి బీడీ పట్టుకుని పోయింది. "దొరికింది పిల్లా! బీడీ అడిగిండు!" అని గోపమ్మ మురిసిపోయింది. డాక్టరు చెప్పాడని మారయ్య బీడీల కట్ట దాచింది నవనీతే. రెండు రోజులు ఆమెకు అన్నం సయించలేదు. మూడో రోజు అదే కాకి సబ్బుబిళ్ల ఎత్తుకుపోయింది. మారయ్య బతికినన్నాళ్లూ సబ్బు అంటే ఆమడ దూరం పోయిన మనిషి. నవనీత ఆ పూట కడుపునిండా తిన్నది.

ఇక గారెలు పోయిన నాటి సాయంత్రం సుగుణమ్మ కొంగు దోపుకుని వచ్చింది. నవనీత వంటింట్లో రొట్టెలు కొడుతోంది.

"వదినా, వియ్యంకుని ముందల నా ఇజ్జత్ పోయింది."

"గారెలు మంచిగుండెనా సుగుణా?"

"నేనేమంటున్న, నువ్వేమంటున్నవు? పిలువకుండ వచ్చినయి వదినా, నలభై కాకులు."

గోపమ్మ వక్క నములుతూ నెమ్మదిగా అంది. "ఆనాడు రాలేదని నా కోడలిని అంటివి. ఇయ్యాల వచ్చినయని నన్నంటున్నవు. కాకి ఎట్లుంటె నీకు నచ్చుతదో చెప్పు, గట్లనే నేర్పిస్త."

సుగుణమ్మ దోపుకున్న కొంగు తీసి మొహం తుడుచుకుంది.

"అద్దాలు మిద్దె మీద దొరికినయి. వియ్యంకునికి ఇయ్యి" అంది గోపమ్మ.

లోపల నవనీత చేతులు ఆగిపోయాయి. నా కోడలిని, అంది. ఆరేళ్లకు వచ్చిన మాట. పెనం మీద రొట్టె మాడితే మాడింది. సుగుణమ్మ పోయాక బయటికొచ్చి అడిగింది.

"గా మాట ఆనాడే ఎందుకనలేదు అత్తా?"

"నేనంటె అత్తాకోడండ్లు ఒక్కటైన్రంటరు. మనిషి మాట ఎవలింటరు పిల్లా? గక్కడ కాకి మాటనే చెల్లుతది."

"ఆనాడు చెలకల పటాకులు కాల్చిన్రు. ఏ కాకి వస్తది?"

"నాకెరుకనే."

"ఎరికుంటె రోజూ మామను గదే ఎందుకడుగుతవు?"

గోపమ్మ వక్క నమలడం ఆపింది. "అడుగకుంటె ఆయనతోని ఏం మాట్లాడాలె?"

మరునాడు పొద్దున గంటె, పళ్లెం నవనీతే మిద్దె మీదికి తెచ్చింది. చూస్తే అత్త గిన్నెలో ఉన్న నెయ్యంతా కుంటి కాకి రొట్టె మీద రాస్తోంది.

"ఇంటెడు చాకిరి నాది, నెయ్యి దానికా అత్తా? నా రొట్టె మీద చుక్క లేదు" అంది నవనీత, మూతి ముడిచి.

గోపమ్మ పళ్లెం మీద మూడు దెబ్బలు కొట్టి, ఆకాశం వైపు చూస్తూ అంది.

"రేపు నేను పోయిన మూడోనాడు నీ దిక్కు సాక్షి చెప్పేటిది గదే పిల్లా, సాక్షి కడుపు ఎవలన్న ఎండబెట్టుకుంటరా?"