ప్రళయం తర్వాత ఒకే బంతి

రాజోలు దగ్గర ఎలిమెంటరీ స్కూలు టీచరు రత్నమాల ఒక నవల రాసింది. సముద్రం పొంగి లోకమంతా మునిగిపోయాక మిగిలిన గుప్పెడు మనుషుల కథ. వారపత్రికలో వచ్చింది. ఎనభై రెండులో మద్రాసు నిర్మాత ఒకాయన దాన్ని భారీ సినిమాగా తీస్తానని కారేసుకుని వచ్చాడు. మునిగిన పట్నానికి సెట్టింగులు, ఫారిన్ కెమెరాలు, డబ్బు మంచినీళ్ళలా పోస్తున్నారు. రత్నమాల పెట్టిన షరతు ఒక్కటే: ఆఖరి సీను ఉండాలి. మిగిలినవాళ్ళు తొలిపంట వండుకుని, కులం గిలం లేకుండా ఒకే బంతిలో కూర్చుని తినాలి.

ఆమె తల్లి జ్ఞానమ్మ, ఊళ్ళో పెద్దకులం ఆసామి బుల్లెమ్మగారి చేలో నాట్లు వేసి, పశువులపాక వెనకాల కూర్చుని తిన్న మనిషి. ఆ కసే నవలకి ముగింపయింది.

"అన్నం తినడం ఎవరు చూస్తారమ్మా? హీరోకి పాట పెడదాం," అని దర్శకుడు నసిగాడు. చివరికి ఒక్కరోజు ఇచ్చాడు. మీ ఊళ్ళోనే తీస్తాం, జనాన్ని చిరుగు బట్టలతో రమ్మనండి, పొద్దుగూకేలోగా అవకపోతే పాటే అన్నాడు.

రత్నమాల ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అందరూ ఆయ్, అలాగేనండి అన్నారు. తీరా చూస్తే ఊరు ఊరంతా పెళ్ళికి తరలినట్టు దిగింది! గంజి పెట్టిన పంచెలు, మొహాన పౌడర్లు. బుల్లెమ్మగారు ఎర్రపట్టు చీర, కాసులపేరు. జ్ఞానమ్మ కూడా క్రిస్మస్‌కి తప్ప పెట్టెలోంచి తియ్యని ఎర్ర బండారులంక నేతచీర కట్టేసింది.

"లోకం మునిగిపోయిందంటే ఇలాగా వచ్చేది?" దర్శకుడు నెత్తి బాదుకున్నాడు.

"సినిమాలో పడతామంటే చిరుగుల్తో ఎలా వస్తామండీ? చుట్టాలు చూడరేంటి?" అంది బుల్లెమ్మ.

పొద్దు వాలిపోతోంది. రత్నమాలకి ఏడుపొక్కటే తక్కువ. అంతలో తల్లి చీర మీద చూపు పడింది. వెంటనే దర్శకుడి ముందుకెళ్ళి నిలబడింది.

"లోకం పోయి, మళ్ళీ వరి పండిన రోజండీ ఇది. ఇవాళ కట్టకపోతే దాచుకున్న చీర ఇంకెప్పుడు కడతారండీ? ఇలాగే తియ్యండి."

ఆయన కెమెరాలోంచి ఒకసారి చూసి, "కూర్చోబెట్టండి," అన్నాడు.

అసిస్టెంటు రంగులు చూసుకుని ఎర్రచీరలు రెండూ పక్కపక్కన కూర్చోబెట్టాడు. బుల్లెమ్మ బిగుసుకుపోయింది. సినిమా మోజు గెలిచింది, లేవలేదు. అరిటాకుల్లో వేడన్నం పడింది, పక్కన పులుసు గిన్నెలు పెట్టారు. కెమెరా తిరిగింది.

"కట్!" అన్నాడు దర్శకుడు. ఒక్కరూ లేవలేదు. పొద్దుటినించీ ఎవరూ ఎంగిలిపడలేదాయె! బుల్లెమ్మ పక్కకి తిరిగి, "ఆ పులుసు కాస్త ఇలా వెయ్యండి జ్ఞానమ్మగారూ," అంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నోట ఆ 'గారు' వినడం జ్ఞానమ్మకి అదే మొదలు. గిన్నె అందుకుని వడ్డించింది. దర్శకుడు మళ్ళీ తిప్పమని కెమెరామన్‌కి సైగ చేశాడు.

సినిమాలో ఉంచింది ఆ ముక్కే. అమలాపురం హాల్లో అది తెరమీద పడగానే జనం లేచి నిలబడి ఈలలు వేశారు. రత్నమాల సంతోషం పట్టలేక చిన్నపిల్లలా ఏడ్చింది. జ్ఞానమ్మ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నా చేత్తో వేసిందే తిన్నారే ఆవిడ," అంది.