వాత్యారి పెదవి, మా అవ్వ చింతపండు

ఇదొక మహాకావ్యం. కుంపిణీ దొరల విందు, పటాలం బ్యాండు, బాకా మోత, చివర ఒక వీరుడు కూలడం, అన్నీ ఉన్నాయి. నిజం చెప్పాలంటే వీరుడు కూలలేదు, పెదవి వాచింది. వాచేట్టు చేసింది నేను.

మదురైలో కుంపిణీ బ్యాండుకు పెద్ద బాకా మా వాత్యారుది. నాకు నేర్పిందీ ఆయనే, అక్కడ గురువును వాత్యారే అంటారు. ఉన్నదొకటే బాకా. ఆయన ఊది ఇస్తే నేను ఊదాలి. ఈ సంగతి తెలిసి మా అవ్వ నెత్తి బాదుకుంది.

"ఏమిరా, ఒకరి ఎంగిలి నోట పెట్టుకునేది కూడా ఒక చదువేనా?"

"గాలి బయటికే పోతుంది అవ్వా, లోపలికి రాదు."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! తోమి పెట్టుకో," అని చింతపండు, ఇటుక పొడి మూటగట్టి ఇచ్చింది.

తోమాను. ప్రతి పాఠానికీ, ఆయన కళ్లెదుటే. ఆయన అటు తిరిగి మీసం సవరించుకునేవాడు. నేనేమో శుభ్రం పాటిస్తున్నాననుకున్నాను. నోరు ఆనించేచోట దొరల సీమలో వేసిన వెండి పూత ఉండేది. కొన్నాళ్లకు అది పసుప్పచ్చగా మెరిసింది. "చూశారా, బంగారమైంది!" అని మురిసిపోయాను. అడుగున ఉన్న ఇత్తడి బయటపడిందని తెలిస్తేగా.

ఆ ఇత్తడి ఆయన పెదవికి పడలేదు. వాచి పుళ్లు లేచాయి. నాకేమీ కాలేదు, రేగడి దున్నిన వంశం, తోలు మందం. కలెక్టరు దొర విందునాడు ఆయన పై స్వరం ఎక్కబోతే బాకా ఈనలేని గేదెలా అరిచింది. మర్నాడు ఆయన కుర్చీ నాకిచ్చారు. దానిమీద కూర్చుంటే ముల్లు గుచ్చినట్టుండేది. లేచి చూశాను, ముల్లు లేదు.

పూత పోయినందుకే ఆ పుళ్లని బ్యాండువాళ్లు అనుకోగా విని, ఉండబట్టలేక ఆయన ఇంటికి పోయి కాళ్లమీద పడ్డాను.

"మీ పెదవిని తోమేసింది నేనే, వాత్యారే."

ఆయన నా చేతిలోని బాకా అందుకున్నాడు. నేను అప్పుడే ఊది తెచ్చింది. తుడవకుండా నోట పెట్టుకున్నాడు. గాలి వచ్చింది, స్వరం రాలేదు.

"ఇక నువ్వు ఊదు తంబీ, నేను చెబుతా," అని తిరిగి ఇచ్చాడు. "ఆ చింతపండు మాత్రం ఇంట్లో ఇచ్చెయ్. చారుకైనా పనికొస్తుంది."

ఇచ్చేశాను. అవ్వ మూట విప్పుతూ అడిగింది, "దానికి వెండి పూత ఉందని ముందే చెప్పొద్దా?" చింతపండు, ఇటుక పొడి ఇత్తడికట. వెండిని విబూదితో తోమాలి.