వెనక ఎక్కనన్న రెబ్కా

కార్లో ఎక్కిన మనిషి ఎక్కినట్టే దిగిపోవడం ఆత్రేయ తన ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు. బెజవాడ షోరూంలో దీపాల కింద నిగనిగలాడుతున్న నల్లకారు వెనక తలుపు తీసి, "కూర్చోండి మేడమ్, ఓనర్ సీటు ఇదే" అని ఎంతో మర్యాదగా చెప్పాడతను. రెబ్కా కూర్చుంది. మెత్తటి తోలు సీటు ఆమె నడుముకు ఒదిగింది. కాళ్లు బారచాపినా ముందు సీటు తగల్లేదు. ఆమె మరుక్షణమే తలుపు తోసుకుని కిందికి దిగింది. కుచ్చిళ్లు సర్దుకుని, "నేను వెనక కూర్చోను బాబూ" అంది.

ఏసీ ఎక్కువైందేమో అనుకున్నాడు ఆత్రేయ. ఆ సీటు పడక్కుర్చీలా వాలుతుందనీ, ఎండ పడకుండా అద్దాలకు తెరలొస్తాయనీ చెప్పబోయాడు. రెబ్కా అప్పటికే ముందు తలుపు దగ్గరికి వెళ్లి స్టీరింగ్ చూస్తోంది. "దీన్ని తోలి చూడాలి. తాళం ఇవ్వు" అంది. మా డ్రైవరు తోలతాడు, మీరు హాయిగా వెనక కూర్చుని చూడండి అన్నాడతను. ఆ మాటతో ఆమె గుమ్మం దాటి బయటికొచ్చేసింది.

"ఏంటమ్మా ఆ కోపం? గౌరవంగానే చెప్పాడు గదా" అంది కూతురు ఆరాధన, వెనకే పరుగున వచ్చి. ఆరాధన గుంటూరు బ్రాడీపేటలో పళ్ల డాక్టరు. తల్లి మంచి కారు కొనుక్కోవాలని ముందు పట్టుబట్టింది ఆమే.

"గౌరవంగా చెప్పినా అదే మాట గదే" అంది రెబ్కా.

ఆ మాట వెనకున్న కథ ఆరాధనకు తెలుసు. ఎందుకంటే ఆ కథలో తనూ ఉంది, కాకపోతే తల్లి కడుపులో.

రెబ్కాది ప్రత్తిపాడు. గౌను విడిచి లంగా ఓణీ కట్టిన నాటినుంచి మిరప కోతలకు వెళ్లేది. తెల్లవారకముందే మినీలారీ వాడలోకి వచ్చేది. ఆడవాళ్లంతా వెనక ఎక్కి, గొర్రెల్లా ఒకరినొకరు ఆనుకుని నిలబడేవాళ్లు. డ్రైవరు పక్కన ఇద్దరికి సరిపడా చోటుండేది కానీ అక్కడ మేస్త్రి తువ్వాలు పరిచి ఉండేది. కూలీలను కూడగట్టేది ఆయనే కాబట్టి ఆ చోటు ఆయనది. ఆయన రాని రోజున కూడా తువ్వాలు వచ్చేది. నెలలు నిండుతున్న రోజుల్లో రెబ్కా ఒకసారి ముందు తలుపు పట్టుకుని, "ఇయ్యాల మేస్త్రి రాలేదు గదా అన్నా, నేను ముందు కూచుంటా" అని అడిగింది. డ్రైవరు ఆమె పొట్ట చూశాడు. తువ్వాలు చూశాడు. "వెనక ఎక్కమ్మా" అన్నాడు.

ఎక్కింది. ఎక్కక చేసేదేముంది, కోతకు పోకపోతే పూట గడవదు. గుంతల దారి పొడుగునా రెండు చేతులతో పొట్ట పట్టుకుని నిలబడితే, పడిపోకుండా తోటి కూలి వెంకాయమ్మ తన వీపును ఆమె వీపుకు ఆనించి, లారీ కమ్మీని పట్టుకుని ఉంది. దేవుడు చల్లగా చూశాడు, బిడ్డకేమీ కాలేదు. కానీ రెబ్కా కోపం మాత్రం ఈనాటికీ చల్లారలేదు. చల్లార్చమని ఆమె ఏ ప్రార్థనలోనూ అడగలేదు కూడా.

ఆ తర్వాత ఆమెను పైకి తెచ్చింది మిరపకాయ తొడిమ. పైదేశాలకు పంపే కాయకు తొడిమ ఉండకూడదు. దాన్ని తుంచడానికి ఆడవాళ్లు కావాలి. కోల్డ్ స్టోరేజీల ముందు గోతాలు పరుచుకుని, ముక్కుకు కొంగు చుట్టుకుని, రోజంతా తుంచుతూ కూర్చునే వాళ్లలో రెబ్కా ఒకతి. భర్త యేసుపాదం పోయాక, ఆ కూర్చున్నవాళ్లందరినీ కూడగట్టి తనే పని ఒప్పుకోవడం మొదలుపెట్టింది. ఏటుకూరు రోడ్డులో రేకుల షెడ్డు వేసింది. షెడ్డు పక్కన ఇంకో షెడ్డు, దాని పక్కన కారం మిల్లు వచ్చాయి. సొంత మినీలారీ కొన్న రోజునే డ్రైవరు సుభానీని పిలిచి, "ముందు సీట్లో తువ్వాలు కనపడిందంటే నీ ఉద్యోగం ఊడుద్ది" అని చెప్పింది. ఆ సుభానీ చేతే షెడ్డు వెనక ఖాళీస్థలంలో బండి తోలడం నేర్చుకుంది. లైసెన్సు తీసుకుంది. లారీలు ఎదురొచ్చినా జంకేది కాదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం.

బెజవాడ నుంచి తిరిగొచ్చిన కొద్ది రోజులకు రెండో కారు షెడ్డు ముందుకే వచ్చింది. అది నీలం రంగుది. ఆ నల్లకారు కంపెనీ, ఈ నీలం కారు కంపెనీ రెండూ జర్మనీవే. ఒకదాన్నొకటి ఓడించడానికే పుట్టినట్టు పోటీపడుతుంటాయి. దీన్ని తెచ్చిన గౌస్ బాషా మన గుంటూరు వాడే. రెబ్కా అడక్కముందే తాళం చేతిలో పెట్టాడు. "తోలు అక్కా. ఇది తోలేవాళ్ల కోసమే చేసిన బండి."

చిలకలూరిపేట దారెక్కాక రెబ్కాకు ప్రాణం లేచొచ్చింది. అడుగు ఆనిస్తే చాలు, బండి ముందుకు ఉరుకుతోంది. మలుపులో ఒళ్లు కదలకుండా తిరుగుతోంది. పత్తి లారీలను ఒక్కొక్కటే దాటేస్తుంటే ఆమె గట్టిగా నవ్వింది. తల్లి అలా నవ్వగా వినడం ఆరాధనకు అదే మొదటిసారి. అయితే ఆ నవ్వు వింటున్న ఆరాధన వెనక సీట్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది.

"వెనక ఇరుకుగా ఉంది" అంది కారు దిగుతూ.

"కొంచెం ఇరుకేనమ్మా. అబద్ధం ఎందుకు చెప్పాలి" అన్నాడు గౌస్ బాషా.

ఆ రాత్రి భోజనాల దగ్గర తల్లీకూతుళ్లకు తగువు పడింది. నీలం కారు కొంటానంది రెబ్కా. నల్లదే కొనాలనీ, డ్రైవర్ని పెట్టాలనీ, అమ్మ వెనక కూర్చోవాలనీ అంది ఆరాధన. రెబ్కా కుదరదంది. ఆరాధన కంచం పక్కకు జరిపి, గొంతులో ఉన్నది కక్కేసింది.

"అమ్మా, నువ్వు స్టీరింగ్ దగ్గర కూర్చుంటే జనం ఏమనుకుంటారో తెలుసా? ఎవరో పెద్దోళ్ల కారు తోలుతున్నావనుకుంటారు. మన వాడ, మన రంగు చూసి నిన్ను డ్రైవరనుకుంటారు. అదే వెనక కూర్చున్నావనుకో, కారు నీదని చిన్నపిల్లాడికైనా తెలుసుద్ది."

 కూతురు చెప్పింది అబద్ధం కాదు, అందుకే గుచ్చుకుంది. "అనుకోనీ" అంది రెబ్కా. "వాళ్లు అనుకున్నచోట కూచోడానికి కాదు గదే నేను కారు కొనేది."

లోకం ఊరుకుంటుందా? ఎవరికి తోచిన సలహా వాళ్లిచ్చారు. సరుకు దాచుకునే కోల్డ్ స్టోరేజీ యజమాని రంగనాయకులు గారైతే, పని మీద వెళ్లిన రెబ్కాను కుర్చీలో కూర్చోమనకుండానే అరగంట చెప్పారు. "రెబ్కా, షెడ్డుకీ మిల్లుకీ తిరగడానికి నీకు అంత కారెందుకే? ఏదన్నా జీపు చూసుకో. కాదూ కొంటానంటావా, నాలాగా నల్లది కొను. డ్రైవర్ని పెట్టుకుని వెనక కూచో. కడుపులో చల్ల కదలకుండా తిరగొచ్చు."

"నా కడుపులో చల్ల ఎక్కడిదండీ, అంతా కారమే గదా" అని వచ్చేసింది రెబ్కా. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట అని ఆయన గుమస్తాతో అనడం మెట్ల మీద ఉండగా వినపడింది. వెనక్కి తిరగలేదు కానీ మెట్లు మాత్రం మెల్లగా, చప్పుడయ్యేలా దిగింది.

నీలం కారుకే మాటిచ్చేద్దామని ఫోను చేతిలోకి తీసుకున్న రోజు సాయంత్రం, షెడ్డులో పని దిగే వేళ అయింది. వెంకాయమ్మ గోతం మీంచి లేవబోయి మళ్లీ కూలబడింది. రెండోసారి నేలకు చేతులానించి లేచింది. మూలిగినా మూలగనట్టే నవ్వేసింది. జీవితమంతా నేల మీద మడిచి కూర్చున్న మోకాళ్లవి. ఇద్దరు పట్టుకుని నడిపిస్తే వెళ్లి మినీలారీ వెనక ఎక్కింది. ముందు చోటులో ఇద్దరే పడతారు కాబట్టి, ఆ రోజు బాలింతలిద్దరికి ఇచ్చి తను వెనక్కి వెళ్లింది. రెబ్కా చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది.

రెబ్కా ముందుకొచ్చేసింది. బాగుంది. మరి ఆనాడు వీపు ఆనించిన మనిషి ఇంకా వెనకే నిలబడి పోతోంది. ఇన్నేళ్లుగా ఇది తన కళ్లెదురుగానే జరుగుతోంది, తనకే పట్టలేదు. రెబ్కాకు తన మీద తనకే ఒళ్లు మండింది. గౌస్ బాషాకు కాకుండా ఆత్రేయకు ఫోను చేసి, "నల్లకారు తీసుకుని మా షెడ్డుకి రా బాబూ" అంది.

ఆత్రేయ మర్నాడే వచ్చాడు. అలవాటుగా వెనక తలుపు తీశాడు. రెబ్కా చుట్టూ తిరిగి ఇవతలికొచ్చి చెయ్యి చాపింది. "తాళం."

"రూలు ప్రకారం మా డ్రైవరే తోలాలి మేడమ్."

"అయితే మీ డ్రైవర్నే కొనుక్కోమను."

ఆత్రేయ పక్కకెళ్లి మేనేజరుతో ఫోన్లో మాట్లాడి వచ్చి తాళం ఇచ్చాడు. తను పక్క సీట్లో కూర్చున్నాడు. కారు బయల్దేరుతుందనుకునేసరికి రెబ్కా షెడ్డు వైపు తిరిగి కేకేసింది. "వెంకాయమ్మక్కా! కోటమ్మా! సువార్తమ్మా! రండే, ఎక్కండి!"

పనిలోంచి లేచొచ్చిన ముగ్గురూ కారు చుట్టూ చూస్తూ నిలబడ్డారు. చేతులకూ చీరలకూ ఎర్రటి కారం. ఆత్రేయ తలుపుకు అడ్డొచ్చాడు. "మేడమ్, లోపల సీట్లు లేత రంగువి..."

"మిరపకాయ తిని బతికే జిల్లా బాబూ ఇది. ఆ మాత్రం ఎరుపు తట్టుకోకపోతే ఇక్కడ అమ్మమాకండి."

వాళ్లు కొంగులు దులుపుకుని ఎక్కారు. మొదట ముగ్గురూ పెద్దింటి మంచం మీద కూర్చున్నట్టు అంచుల మీద కూర్చున్నారు. కారం ఘాటుకు ఆత్రేయ తుమ్మడం మొదలుపెట్టాడు. కారు రోడ్డెక్కింది. నీలందానంత చురుకు లేదు, మలుపులో కాస్త ఊగుతోంది. అదీ ఇదీ ఒకటి కాదని రెబ్కా చేతులకు తెలిసింది. నందివెలుగు దారిలో కొంతదూరం పోయాక అద్దంలో చూసింది. కోటమ్మా సువార్తమ్మా వెనక్కి వాలి కబుర్లాడుకుంటున్నారు. వెంకాయమ్మ కాళ్లు రెండూ బారచాపి, నోరు తెరిచి నిద్రపోతోంది.

ఈ సంగతి విన్న ఆరాధన నెత్తి కొట్టుకుంది. "తోలడానికి నీలందే బాగుందన్నావు గదమ్మా!"

"ఇప్పటికీ అదే బాగుంది. నాకొక్కదానికైతే అదే కొందును."

"మరి ఎవరి కోసం కొంటున్నట్టు? వాళ్ల మీద జాలిపడి ఇంత కారు కొంటారా ఎవరైనా?"

"జాలి కాదే, పొగరు" అంది రెబ్కా.  "ముందు నేను కూచోవాలి. నన్ను చూసి డ్రైవరనుకున్నోడు, ఓనరెవరా అని వెనక చూడాలి. చూస్తే అక్కడ వెంకాయమ్మ ఉండాలి. అప్పుడు వాడి మొహం నేను చూడాలి. నాకు కావలసింది అదే."

ఆరాధన ఇంకేదో అనబోయి, తల్లి మొహం చూసి, "ముందు రెండో సీటు నాది. దాని మీద తువ్వాలెయ్యమాక" అంది.

కారు వచ్చింది. పాస్టరు ఇమ్మానుయేలు గారు షెడ్డు దగ్గరికొచ్చి ప్రార్థన చేశారు. ఆయన ఆమెన్ అనేలోపే ముగ్గురూ వెనక ఎక్కి కూర్చున్నారు. ఆరాధన ముందు ఎక్కింది. దాచిన సరుకు విడిపించుకోవాలి కాబట్టి, రెబ్కా కారును తిన్నగా రంగనాయకులు గారి కోల్డ్ స్టోరేజీకి తోలింది.

గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ యలమందయ్య లోపలికి తొంగిచూశాడు. స్టీరింగ్ పట్టుకున్న ఆమెను చూసి, "ఎవరి కారమ్మా?" అని అడిగాడు.

ఆరాధన కళ్లు దించుకుంది. రెబ్కా దించుకోలేదు. "నాది" అంది. గేటు తెరుచుకుంది.

తన కారుకు జోడీలాంటి నల్లకారు వచ్చి మెట్ల ముందు ఆగడం రంగనాయకులు గారు పై నుంచి చూశారు. ఎగుమతి కంపెనీ పెద్దలెవరో వచ్చారనుకున్నారు. పెద్దమనుషులొస్తే ఎదురెళ్లి కారు తలుపు తనే తీయడం ఆయన అలవాటు. ఉత్తరీయం భుజాన వేసుకుని, గబగబా మెట్లు దిగి, ముందు సీట్ల వంక చూడనైనా చూడకుండా వెనక తలుపు తీశారు. "దయచేయండి, దయచేయండి" అంటూ కాస్త వంగారు.

కునుకు తీస్తున్న వెంకాయమ్మ కళ్లు తెరిచింది. తన ముందు వంగి నిలబడ్డ కోల్డ్ స్టోరేజీ యజమానిని చూసింది. ఆయన వాకిట్లో ఎన్ని ఎండాకాలాలు గోతం మీద కూర్చుందో ఆమెకు గుర్తులేదు, ఆయన ఏనాడూ తన పేరు అడగలేదన్నది మాత్రం గుర్తుంది. ఆయన చెయ్యి ఇంకా తలుపు మీదే ఉంది. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది.

"తలుపెయ్యండి బాబుగారూ" అంది వెంకాయమ్మ, చాపిన కాళ్లు తీయకుండానే. "చల్లగాలంతా పోతంది."

ముందు సీట్లోంచి రెబ్కా అద్దంలో ఆయన మొహం చూస్తోంది.

రంగనాయకులు గారు తలుపు వేశారు.